ఆంగ్లపదముల భాషాభాగనిర్ణయము

ఆంగ్లవ్యాకరణమును మన పాఠశాలలలో నారంభించు బాలుఁడు మొట్టమొదట నేర్చునది భాషాభాగముల యెనిమిది పేళ్లు. నామము, సర్వనామము, విశేషణము, క్రియ, క్రియావిశేషణము, విభక్త్యర్థకము, సముచ్చయము, ఆశ్చర్యార్థకము అని వల్లె వేయించిన పిమ్మటఁ గొన్ని పదములను వరుసగా వ్రాసి యిది యే భాగము, అది యే భాగము అని యడుగుట యాచారమైనది. ఈ ప్రశ్నకు వాక్యముతోఁ బని లేదని యడుగువారును బదులు చెప్పువారును దలఁచుచుందురు. ఈ తలంపు సమంజసమా యని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము. పరీక్షలో నొకటి రెండు మార్కులకు సంబంధించిన స్వల్పవిషయముగా దీనిని భావింపరాదు. భాషాభాగము పదమునకుఁ బుట్టుకతో వచ్చిన జాతి యని నమ్మిన విద్యార్థి యాంగ్లవాక్యమును సరిగాఁ జదువలేఁడు; ఆ నమ్మకమునే తెలుఁగువ్యాకరణములోనికిఁ దెచ్చినచోఁ దెలుఁగునకును నష్టము వాటిల్లును.

ముందుగా నొక పదమును బరీక్షింతము. 'డౌన్' అను పదము మన రైలుస్టేషనులలో నక్షరజ్ఞానము లేనివారికిని బరిచితమే. 'డౌన్ ట్రెయిన్' అన్నప్పు డది విశేషణము. 'హి ఫెల్ డౌన్', అనఁగా వాఁడు క్రిందఁ బడెను అన్నచోఁ గ్రియావిశేషణము. 'హి రాన్ డౌన్ ది హిల్', అనఁగా వాఁడు కొండ దిగి పరుగెత్తెను అన్నచో నామమును వెంటఁబెట్టుకొన్న విభక్త్యర్థకము. 'ది వర్క్‌మెన్ డౌన్డ్ టూల్స్', అనఁగా పనివారు పనిముట్లు దించి పని మానిరి అన్నచోఁ గ్రియ; దానికి భూతకాలప్రత్యయముకూడఁ జేరినది. 'అప్స్ అండ్ డౌన్స్', అనఁగా ఎగుడుదిగుడులు అన్నచో నామము, బహువచనప్రత్యయమును గ్రహించినది. ఐదు ప్రయోగములు, ఐదు పేళ్లు. ప్రయోగమును దీసివైచి 'డౌన్' ఏ భాషాభాగమని యడిగినచో, ఆ యైదింటిలో నొకదానినే చెప్పుట కాధార మేమియు లేదు.

రెన్, మార్టిన్ అను నిరువురు రచించిన యాంగ్లవ్యాకరణము 1930-40 నడుమఁ బుట్టి భారతదేశమున మిక్కిలి వ్యాపించి నేఁటికిని జదువఁబడుచున్నది. పదములను వాక్యములో నవి చేయు పనినిబట్టి విభజింతురు కావున, వాక్యమునఁ జూడనిదే యొక పదము నే భాగమునఁ జేర్పవలయునో చెప్పఁజాలమని యా గ్రంథమే మొదటఁ దెలుపుచున్నది. ఇది నిర్దుష్టమైన మాట. అయినను దానితోపాటే నామమునకు, వ్యక్తియో స్థలమో వస్తువో యైనదాని పేరు అను లక్షణము వచ్చును. క్రియకుఁ బాఠశాలావ్యాకరణములు సాధారణముగాఁ జెప్పు లక్షణము చేష్టనో స్థితినో తెలుపునది యని. ఈ రెండును నర్థమును బట్టినవి. సర్వనామలక్షణము నామమునకు మాఱుగా నిలుచుటను, విశేషణలక్షణము నామముతోడి సంబంధమును, విభక్త్యర్థకమున కాంగ్లమునఁ గల పేరు నామమునకు ముందుండు స్థానమును బట్టినవి. ఒకే సభలోనివారిని గొందఱిని రంగునుబట్టియుఁ, గొందఱిని వృత్తినిబట్టియుఁ, గొందఱిని గూర్చున్న యాసనమునుబట్టియు వర్గములుగాఁ జేసినట్లున్నది. సూత్రము పనిని బట్టి చెప్పఁబడినది. లక్షణములు మాత్ర మర్థమును బట్టి పోయినవి. విద్యార్థి సూత్రమును మఱచి లక్షణమునే పట్టుకొనును.

ఆ లక్షణమున కతివ్యాప్తిదోషము స్పష్టము. 'అరైవల్' అనఁగా వచ్చుట. 'డిస్ట్రక్షన్' అనఁగా నాశనము చేయుట. రెండును జేష్టలే, అయినను రెండును నామములే. చేష్టను దెలుపునది క్రియ యని నేర్చిన బాలుఁడు వీనిని గ్రియలని వ్రాసినచోఁ దప్పు బాలునిది కాదు, లక్షణమునది. ఈ చిక్కు మన పూర్వుల కెఱుకయే. యాస్కుఁడు నిరుక్తారంభమున నామాఖ్యాతోపసర్గనిపాతములని పదములను నాలుగు విధములుగా విభజించి, భావము ప్రధానమైన దాఖ్యాతము, సత్త్వము ప్రధానమైనది నామమని చెప్పియు నంతటితో నూరకుండలేదు. ఆరంభము మొదలు సమాప్తివఱకు ముందువెనుకలుగా సాగుచున్న భావమును 'వ్రజతి', 'పచతి' యనునట్లాఖ్యాతము చెప్పుననియు, ఆ భావమే ఘనీభవించి ద్రవ్యమువలె నైనప్పుడు 'వ్రజ్యా', 'పక్తి' యనునట్లు నామము చెప్పుననియు వివరించెను. చేష్ట యొక్కటియే, దానిని జెప్పు తీరు వేఱు. యాస్కుని యీ వివేచనము 'అరైవ్', 'అరైవల్' అను జంటకుఁ జక్కగా సరిపడును.

ఎనిమిది యను సంఖ్య యెట్లు వచ్చినదో చూచిన, ఈ విభాగము ఆంగ్లభాషను బరిశీలించి యేర్పఱచినది కాదని తెలియును. క్రీ. పూ. 2వ శతాబ్ది చివరను డయొనీసియస్ థ్రాక్స్ అను గ్రీకు వైయాకరణుని పేరఁ బరఁగు గ్రంథమున భాషాభాగము లెనిమిది. అందు విశేషణము వేఱు భాగము కాదు, నామమునందే చేరినది, ధాతుజవిశేషణము వేఱుభాగము, గ్రీకునకుఁ గల యుపపదమొక భాగము. లాటినునకు నుపపదము లేదు. లాటిను వైయాకరణులు దానిని విడిచి యాశ్చర్యార్థకమును జేర్చి మరల నెనిమిది చేసిరి. క్రీ. శ. 500 ప్రాంతమునఁ గాన్‌స్టాంటినోపిలులో వ్రాసిన ప్రిస్కియను మూలమున నది యూరోపునఁ బాఠశాలల సొత్తయ్యెను. 1586లో బుల్లోకరు ముద్రించిన తొలి యాంగ్లవ్యాకరణమును లాటినుమార్గముననే నడచినది. 18వ శతాబ్దిలో విశేషణము నామమునుండి విడివడెను. 1795లో లిండ్లీ మర్రే తొమ్మిది భాగములు చెప్పెను. తరువాతి పాఠ్యగ్రంథము లుపపదమును విశేషణమునఁ జేర్చి మరల నెనిమిది చేసినవి. దిక్పాలకుల సంఖ్యవలె నెనిమిది మాఱలేదు. పీఠములపైఁ గూర్చున్నవారు మాత్రము మాఱుచు వచ్చిరి.

గ్రీకు లాటినులందు ఈ విభాగమునకుఁ బదముయొక్క రూపమే యాధారము. సంస్కృతమున సుబంతము, తిఙంతము అని పాణిని చెప్పినట్లే, ఆ భాషలలోఁ బదాంతమును జూచిన మాత్రముననే నామమో క్రియయో తేటపడును. ఆంగ్లమున నా యంతములు శిథిలములైనవి. ప్రాచీనాంగ్లమునఁ బ్రేమకు 'లువు', ప్రేమించుటకు 'లువియన్'. క్రీ. శ. 1100 మొదలు 1500 వఱకు నడచిన మధ్యకాలమునఁ బదాంతమందలి యచ్చులు మొదట బలహీనములై పిదప లోపించెను. రెండును 'లవ్' అనియే మిగిలెను. అంతములు చేయు పని పదముల వరుస చేయవలసివచ్చెను. సంస్కృతమున 'రామో రావణం హంతి' యన్నను, 'రావణం హంతి రామః' యన్నను జంపినవాఁడు రాముఁడే. ఆంగ్లమునఁ బేళ్లు తాఱుమాఱైనచోఁ జంపినవాఁడే మాఱిపోవును. ఇట్లు స్థానమునకే ప్రాధాన్యము వచ్చిన భాషలో స్థానమును విడిచి పదమును మాత్రము పట్టుకొని భాగమును నిర్ణయింపఁబూనుట, విభక్తులను జెఱిపివేసి కారకములను జెప్పుమనుటవంటిది.

అంతములు పోయినను గుఱుతు లన్నియుఁ బోలేదు. కొన్ని చెవికిఁ దెలియును, కంటికిఁ దెలియవు. 'రికార్డ్' అను పదము మొదటి యక్షరముపై నూనిక యుంచి పలికిన నామము, రెండవదానిపై నుంచి పలికినఁ గ్రియ. 'పర్మిట్', 'కాండక్ట్', 'ఆబ్జెక్ట్' అనునవియు నిట్టివే. 'హౌస్' అని సకారముతోఁ బలికిన నిల్లు. అదే వ్రాఁతను 'హౌజ్' అని పలికిన నింటఁ జేర్చుకొనుట. ప్రాచీనాంగ్లమున 'హూస్' నామము, 'హూజియన్' క్రియ. రెండచ్చుల నడుమఁ బడిన సకారము నాదమును బొందెను. చివరి యచ్చు పోయినను దాని జాడ హల్లునందు నిలిచినది. 'యూస్', 'యూజ్' అను జంట ఫ్రెంచినుండి వచ్చినదైనను నీ మార్గముననే చేరినది. పుస్తకమును మాత్రము చూచి చదువు మన బాలునకు ఈ గుఱుతు లందవు. కావున నుపాధ్యాయుఁడు వీనిని నోటఁ బలికి చూపవలయును.

మఱి కొన్ని గుఱుతులు కంటికిఁ గనఁబడియు మోసగించును. 'లీ' యని ముగిసినది క్రియావిశేషణమని బాలురు కంఠస్థము చేయుదురు. 'ఫ్రెండ్లీ', 'కవర్డ్లీ' యనునవి విశేషణములు. 'హార్డ్' అనునది 'లీ' లేకయే క్రియావిశేషణమగును. 'హార్డ్లీ' యన్నచో నర్థమే వేఱు. కారణము పూర్వరూపములందుఁ గలదు. ప్రాచీనాంగ్లమున విశేషణమునకు 'ఎ' కారము చేర్చినఁ గ్రియావిశేషణమయ్యెడిది: 'హెయర్డ్' విశేషణము, 'హెయర్డె' క్రియావిశేషణము. అట్లే 'లీచ్' అని ముగియునది విశేషణము, 'లీచె' యని ముగియునది క్రియావిశేషణము. ఎకారము లోపింపఁగా రెండు జంటలును నేకరూపములయ్యెను. వీనిని అపవాదములని పట్టిక వ్రాసి వల్లె వేయించుటకంటె, కారణము చెప్పిన బాలునకు సులభముగా నిలుచును.

'ఇంగ్' ప్రత్యయమునకును నిట్టి చరిత్రయే. నామమునకు 'ఉంగ్' అనియు, ధాతుజవిశేషణమునకు 'ఎండె' యనియు వేఱుగా నుండినవి కాలక్రమమున నొకటియైనవి. అందుచేత 'స్లీపింగ్ చైల్డ్', 'స్లీపింగ్ కార్' అనువానియందు మొదటి పదము చూపున కొక్కటియే. నిర్ణయమునకు మన పండితులకడ నుత్తమసాధన మున్నది, అది విగ్రహవాక్యము. మొదటిది నిద్రించుచున్న శిశువు, కావున విశేషణము. రెండవది నిద్రించుచున్న బండి కాదు, నిద్రకొఱకైన బండి. కావున సమాసమునఁ బూర్వపదమైన నామము. 'స్టోన్ వాల్' అనుచోఁ గూడ 'స్టోన్' గోడను విశేషించుచున్నది గనుక విశేషణమని చెప్పువారు కలరు. దానికి 'వెరి' యను పదమును జేర్చి చూచినఁ బొసఁగదు, తరతమప్రత్యయములును జేరవు. తెలుఁగున 'రాతిగోడ' యన్నప్పుడు 'రాయి' యను నామమే తివర్ణముతో నౌపవిభక్తికరూపమును బొందినది. దానిని విశేషణపదమని మనము చెప్పము. నామమే మఱియొక నామమునకు లోఁబడి నిలిచినదందుము. ఆంగ్లమున 'స్టోన్' నకు మాఱు రూపము లేకపోవుటచే దాని పని మాఱినను నామత్వము పోలేదు.

ఇంతకంటె బలమైన దృష్టాంతము పాణినీయమునఁ గలదు. ప్రాదు లిరువదిరెండును క్రియతోఁ గూడినప్పు డుపసర్గసంజ్ఞను బొందును. వానిలోఁ గొన్నియే క్రియను విడిచి నామముతోడి సంబంధమును దెలుపునప్పుడు కర్మప్రవచనీయము లగును. 'అను' అనునది పదముగా నొక్కటియే. సంజ్ఞ మాత్రము సంబంధమునుబట్టి వచ్చునది. ఆంగ్లమున 'అప్' అను పదమును జూడుఁడు. 'లుక్ అప్ ది చిమ్నీ' యన్నచోఁ బొగగొట్టములోనికిఁ బైకిఁ జూచుట. 'అప్' నామముతోఁ గూడినది. 'లుక్ అప్ ఎ వర్డ్' అన్నచో నిఘంటువునఁ బదమును వెదకుట. 'అప్' క్రియతోఁ గూడినది. పరీక్ష సులభము. 'లుక్ ఎ వర్డ్ అప్' అనవచ్చును. 'లుక్ ది చిమ్నీ అప్' అనరాదు. మొదటిదానిని విభక్త్యర్థకమని, రెండవదానిని గ్రియావిశేషణమని పాఠశాలావ్యాకరణములు చెప్పును. రెండింటికి నడుమఁ గల భేదమును జెప్పవు. ఉపసర్గకర్మప్రవచనీయముల నెఱిఁగిన పండితున కీ భేద మొక్క క్షణమునఁ దెలియును. ఆంగ్లవ్యాకరణము మనకుఁ బరాయిది యని సంకోచించుటకుఁ గారణము లేదు. శబ్దమునకు సంజ్ఞ ప్రయోగాధీనమని చెప్పుట మన శాస్త్రమునకుఁ గ్రొత్త కాదు. వాక్య మఖండమనియు, పదములు దానినుండి యపోద్ధారముచే విడఁదీయఁబడినవనియు భర్తృహరి సిద్ధాంతము. ఆంగ్లమంత యెక్కువగా నా సిద్ధాంతమును గుర్తుచేయు భాషలు తక్కువ.

అయితే తెలుఁగు తాత్పర్యమునుబట్టి యాంగ్లపదమునకు భాగము నిర్ణయించుట మఱియొక ప్రమాదము. 'ఐ లైక్ మ్యూజిక్' అనుదానికి 'నాకు సంగీత మిష్టము' అని తాత్పర్యము. తెలుఁగున 'ఇష్టము' నామము. ఆంగ్లమున 'లైక్' క్రియ. 'ఐ యామ్ హంగ్రీ' యనుదానికి 'నాకాఁకలి యగుచున్నది' యని చెప్పుదుము. తెలుఁగున 'ఆఁకలి' నామము, ఆంగ్లమున 'హంగ్రీ' విశేషణము. విగ్రహము సంబంధమును దెలిసికొనుటకుఁ బనికివచ్చును. భాషాంతరీకరణము భాగమును నిర్ణయించుటకుఁ బనికిరాదు. ఈ రెండింటి భేదమును నుపాధ్యాయుఁడు మఱువరాదు.

తెలుఁగునఁ బ్రత్యయము లుండుటచే మన కీ చిక్కు లేదని యనుకొనుటయు సరికాదు. 'బాలుఁడు నవ్వును' అన్నచో 'నవ్వును' క్రియ. 'బాలుఁడు నవ్వును దాఁచెను' అన్నచో నదే రూపము ద్వితీయావిభక్త్యంతమైన నామము. ప్రత్యయము చేరిన పిమ్మటఁ గూడ నక్షరమున భేదము లేదు. వాక్యము ముగిసినఁగాని తెలియదు. తెలుఁగున నిట్టివి కొన్ని, ఆంగ్లమున ననేకములు. భేదము పరిమాణమునఁ గలదు కాని స్వభావమున లేదు.

ఇంత చెప్పినందున నాంగ్లపదములకు వర్గమే లేదని సిద్ధాంతీకరించుట యతివాదమగును. 'హాపినెస్' నామముగానే కనఁబడును. 'ది', 'ఆఫ్', 'అండ్' వంటివి సంఖ్యకుఁ గొలఁది, పనికి నెక్కువ; క్రొత్తవి వానిలోఁ జేరుట యరుదు. ఆ చిన్నపదములే పెద్దపదముల స్థానమును జూపు దీపములు. 'బుక్ స్టాండ్స్' అని రెండు మాటలు మాత్రము వ్రాసి పంపినచోఁ జదువువాఁ డేమి గ్రహించును? ముందు 'ది' చేర్చినఁ బుస్తకము నిలిచియున్నదని యగును, లేదా పుస్తకములుంచు పీఠలని యగును. నడుమ 'ది' చేర్చినఁ బందెపుమైదానమున మెట్ల యాసనములను ముందుగా నేర్పఱచుకొమ్మని యగును. ఒక్క చిన్నమాట యుండు చోటు పెద్దమాటల భాగములను మార్చివైచినది. ఇదేవిధముగా 'ది బార్నిక్ డ్రెంబ్స్ ప్లాండెడ్ ఎ జిల్క్' అని యర్థము లేని పదములతో వాక్యమును గల్పించినను, నేర్చిన బాలుఁడు రెండవపదము విశేషణము, మూఁడవది నామము, నాలుగవది క్రియ, చివరిది నామము అని చెప్పఁగలఁడు. అర్థము బొత్తిగా లేకున్నను భాగము తెలిసినది. అర్థమే భాగమునకు మూలమన్న లక్షణమున కింతకంటె ఖండన మేమి కావలయును?

ఈ మార్గమునఁ బాశ్చాత్యులలో నిరువురి కృషి స్మరింపఁదగినది. యెస్పర్సెన్ అను డెన్మార్కు పండితుఁడు 1924లోఁ బ్రకటించిన వ్యాకరణతత్త్వగ్రంథమున రూపము, పని, అర్థము మూఁటిని గలిపి చూడవలయునని చెప్పెను. అమెరికాలోఁ జార్లెస్ ఫ్రీస్ 1952లో, టెలిఫోనుసంభాషణలను సుమా రేఁబది గంటలు గ్రహించి, స్థానమునుబట్టి పదములను నాలుగు ప్రధానవర్గములుగాను, చిన్నపదములను బదునైదు గుంపులుగాను విభజించెను. పాతపేళ్లను విడిచి సంఖ్యలను, అక్షరములను బేళ్లుగాఁ బెట్టుటచే నా విభాగము పాఠశాలలకుఁ గఠినమైనది. అర్థమును బూర్తిగాఁ ద్రోసిపుచ్చఁబూనుటయు నతిచేష్టయే. అయినను బదమును నిలువఁబెట్టి పరీక్షించు నతని పద్ధతి గ్రాహ్యము. పేళ్లు పాతవి యుంచి, పరీక్ష క్రొత్తది చేయుట మేలు.

బోధనమున ననుసరింపఁదగిన క్రమమిది. పదమును విడిగా నీయక వాక్యముననే యిచ్చి, మొదట నా పదము ప్రత్యయమును దేనినైన ధరించినదేమో చూడవలయును: బహువచనమా, భూతకాలమా, తరతమమా యని. పిదపఁ దత్సమీపమున నున్న చిన్నపదములను జూడవలయును: ఉపపద మున్నదా, 'విల్', 'కెన్' వంటి సహాయక్రియ యున్నదా యని. అటుపైఁ జక్కగాఁ దెలిసిన మఱియొక పదమును నా స్థానమున నిలిపి వాక్యము నిలుచునేమో పరీక్షింపవలయును. చివర విగ్రహము చెప్పించి యర్థమును సరిచూడవలయును. నిఘంటువులో భాగము వ్రాసియున్నది గదా యని కొంద ఱాక్షేపింతురు. 1884లో నారంభమై 1928లోఁ బూర్తియైన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ఒకే పదమునకు నామముగా వేఱు, క్రియగా వేఱు ప్రవేశములు చేసి, ప్రతిదానికిఁ గాలముతోఁగూడ ప్రయోగములను జూపినది. అనఁగా నిఘంటువు ప్రయోగములను బోగుచేసి వానికిఁ బేళ్లు పెట్టినది. ప్రయోగమునకు ముందు పేరు పెట్టలేదు.

కడపట మన భాషకుఁ గలుగు నష్టమును జెప్పవలయును. లాటిను చట్రమున నాంగ్లమును బిగించినట్లే, ఆంగ్లపుఁ జట్రమునఁ దెలుఁగును బిగించుటకుఁ బూనినవారు లేకపోలేదు. 'ఆన్' అనుదానికి 'మీఁద' సమానమనుకొని, 'మీఁద', 'క్రింద', 'ముందు' అనువానిని విభక్త్యర్థకములని వేఱుభాగముగాఁ జేసినచో, 'మీఁదికి', 'క్రిందినుండి', 'ముందటి' యని యవి నామములవలెఁ బ్రత్యయములను గ్రహించుట యేల సాధ్యమో చెప్పలేము. చిన్నయసూరి బాలవ్యాకరణమును దెలుఁగుయొక్క స్వభావమునకుఁ దగినట్లు సంధి, ఆచ్ఛికము, కారకము, సమాసము, క్రియ మున్నగు పది పరిచ్ఛేదములుగాఁ గట్టెను గాని, పరభాషాభాగముల పట్టికను దెచ్చి తలకెత్తుకొనలేదు. ఏ భాషకు నాభాషయే ప్రమాణము. ఆంగ్లపదమునకు భాగమును జెప్పుమని యడిగినప్పుడు మన విద్యార్థి తొందరపడి పేరు చెప్పక, 'వాక్య మేది' యని తిరిగి యడుగునట్లు చేయఁగలిగిననాఁడు, పాఠశాలాపండితుఁ డాంగ్లమును సరిగా నేర్పినవాఁ డగును. వ్యాకరణమునుగూడ నేర్పినవాఁ డగును.